చిన్నచెవుల మేస్త్రి

మా అక్కకు పెళ్లి కాలేదని చుట్టాలంతా అంటారు గానీ నేను ఒప్పుకోను. ఆవిడ కాపురం ఆవిడ చేసింది. కాకపోతే ఆ మొగుడుగారు పుట్టి ఆరేడు వందల ఏళ్లు దాటింది, అంతే.

ఆయన చెక్క పలకల మీద దేవుడి బొమ్మలు వేసేవాడు. మేరీమాత, ఒళ్లో బాలయేసు, గడ్డాలు పెంచిన సాధువులు, వాళ్ల వెనక ధగధగలాడే బంగారు రేకు. ఆ రోజుల్లో బొమ్మ వేసినవాడు దాని మీద పేరు రాసుకునేవాడు కాడు. బొమ్మ చర్చికి చేరేది, మనిషి మట్టిలో కలిసేవాడు. అలా పేరు లేకుండా పోయినవాళ్లను వెతికి పట్టుకోవడమే మా అక్క చదువు, ఉద్యోగం, లోకం అన్నీ.

"సంతకం లేనివాణ్ణి ఎలా పట్టుకుంటావు?" అని కొత్తలో అడిగాను.

"మొహం వేసేటప్పుడు ఎవడైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే వేస్తాడే. చెవుల దగ్గరికొచ్చేసరికి ధ్యాస తప్పుతుంది, చెయ్యి దాని అలవాటున అది పోతుంది. మనిషి దొరికిపోయేది అక్కడే" అంది, తనే వెళ్లి బేడీలు వేసి తెచ్చినంత గర్వంగా.

ఆయనా చెవుల దగ్గరే దొరికాడు. అక్క పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో ఒక పాత చర్చి సామాన్ల గదిలో, విరిగిన బల్లల వెనక ఒక పలక చూసింది. అందులో సాధువు చెవి చొక్కా బొత్తామంత ఉంది. తమ్మె లేదు, లోపల ఒకే ఒక్క వంకర గీత. మరుసటి ఏడాది వేరే ఊరి మ్యూజియంలో అదే చెవి. తర్వాత ఇంకో దేశంలో. ఒక్కొక్కటే పోగేసి, ఇవన్నీ ఒక్కడే వేశాడని తేల్చింది. ఇలాంటి అనామకులకు కనిపెట్టినవాళ్లే ఒక పిలుపు పెట్టడం వాళ్లలో రివాజు. అక్క "చిన్నచెవుల మేస్త్రి" అని పెట్టింది. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత తమ పుస్తకాల్లో ఆ పేరు రాసుకున్నారు.

నేను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయాక అక్క దగ్గరికే వచ్చేశాను. ఇల్లంటే రెండు గదులు, ఒక వంటగది. అందులో నా మంచం తప్ప మిగతా చోటంతా ఆయనదే. గోడల మీద ఆయన బొమ్మల ఫొటోలు, అల్మారాల్లో ఆయన ఫైళ్లు, చివరికి ఫ్రిజ్ తలుపు మీద కూడా ఆయన వేసిన వేళ్లు. పొద్దున్నే టీ ఇస్తూ "ఏమంటున్నారు మా బావగారు?" అని నేనడగడం, "ఆయన గోళ్లు కొత్తగా ఒకచోట కనపడ్డాయే" అని ఆవిడ మురిసిపోవడం. అమ్మ ఉన్నన్నాళ్లూ "బతికున్నవాణ్ణి ఒకణ్ణి చూసుకోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని మొత్తుకునేది. ఎవరు వింటారు?

బొమ్మలనుబట్టి ఆయనకో బతుకు కూడా కూర్చింది అక్క. వయసులో ఉన్నప్పుడు గీత జోరుగా ఉండేదట. ముసలితనంలో చెయ్యి వణికేదట. ఈ రెంటికీ మధ్యలో ఒక బొమ్మ ఉంది. ఇంట్లో మేం బుజ్జిబాబు బొమ్మ అనేవాళ్లం. మామూలుగా ఆ కాలం బొమ్మల్లో బాలయేసు తల్లి ఒళ్లో చిన్న రాజుగారిలా నిటారుగా కూర్చుని, వేలెత్తి దీవిస్తుంటాడు. ఇందులో పిల్లవాడు అడ్డంగా వాలి ఉంటాడు. తల్లి రెండు చేతులూ కింద పెట్టి, వేళ్లు విప్పి, జారిపోతాడేమో అన్నట్టు బరువుగా పట్టుకుని ఉంటుంది. "మీ ఆసుపత్రిలో తల్లులు ఇలా పట్టుకుంటారా?" అని అక్క నన్నడిగింది. పోయిన బిడ్డను చేతికిచ్చినప్పుడు అచ్చం ఇలాగే పట్టుకుంటారని చెప్పాను. అది నేను కళ్లారా చూసిన సంగతి. అప్పుడు అక్క తన పుస్తకంలో రాసింది, ఈ మేస్త్రి కన్నబిడ్డను పోగొట్టుకున్నాడని, ఆ బరువు తెలిసిన చేతులే ఈ చేతులను వేయగలవని, ఆ తర్వాత ఆయన బొమ్మల్లో ఎరుపు తగ్గిపోయిందని. ఆ పేజీ చదివి ఎక్కడెక్కడి వాళ్లో ఇంటికి ఫోన్లు చేసేవారు.

పోయినేడాది మ్యూజియం వాళ్లు ఆయన పలకలన్నీ దేశదేశాల నుంచి తెప్పించి ఒకే హాల్లో పెడతామన్నారు. అక్క బతుకంతా ఎదురుచూసింది దీనికే. మోకాళ్లు పట్టేశాయి, గుండెలో కవాటం ఒకటి సరిగ్గా మూసుకోదు, దేనికీ కంగారు పడొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఆవిడకు అవేం పట్టలేదు. కొత్త కళ్లజోడు చేయించుకుంది, జుట్టు కత్తిరించుకుంది. "ఇన్నేళ్లకు కుటుంబమంతా ఒకచోట చేరుతోందండీ" అని పక్కింటివాళ్లకు కూడా చెప్పింది. పాపం వాళ్లు, ఎవరింట్లో పెళ్లి అని నన్నడిగారు.

ఇంకా నెల్లాళ్లు ఉందనగా శిష్యురాలు వచ్చింది. అక్క దగ్గర చదువుకున్న పిల్లే. ఆ రోజుల్లో సగం తిండి మా ఇంట్లోనే తినేది, నన్ను పిన్నీ అనేది. ఇప్పుడు ఆ మ్యూజియం ల్యాబ్‌కి పెద్ద. అక్క పక్కగదిలో నిద్రపోతోంది. ఆ పిల్ల తడిసిన గొడుగు మడవడం కూడా మర్చిపోయి, వంటగదిలో స్టూల్ మీద కూలబడింది.

"పిన్నీ, మేడమ్‌కి ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"ఏం చెప్పాలి? ఎగ్జిబిషన్ ఆగిపోయిందా?"

"లేదు. మేస్త్రి లేడు."

నాకు అర్థం కాలేదు. ఉండడానికి ఆయనేమైనా నిన్నో మొన్నో పోయాడా! అప్పుడు విడమరిచి చెప్పింది. పలకలు ఒక్కొక్కటే వస్తుంటే ల్యాబ్‌లో పరీక్ష చేశారట. చెక్కలో వలయాలు లెక్కపెడితే ఆ చెట్టు ఎప్పుడు కొట్టారో తెలుస్తుందట. ఈ పలకల్లో అన్నిటికంటే పాతదానికీ కొత్తదానికీ మధ్య తాతకూ మనవడికీ ఉన్నంత దూరం ఉంది. ఒక్క మనిషి అంతకాలం బొమ్మలు వేయలేడు.

"మరి ఆ చెవులు? అందరూ ఒకలాంటి చెవులే వేస్తారా?" అన్నాను, అక్క తరఫున నేనే వాదిస్తున్నట్టు.

"అవి ఎవరూ వేయలేదు పిన్నీ. రంగు కిందకు చూసే కెమెరా పెట్టాం. ప్రతి చెవి కిందా బొగ్గు చుక్కలున్నాయి. ఎంబ్రాయిడరీకి డిజైన్ దించుతారు చూడండి, కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, పైన పొడి అద్ది, అలాగ. చెవికో కాగితం, చేతికో కాగితం. ఒక కార్ఖానా. ఆ కాగితాల కట్ట తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి అల్లుడికి, అలా పోయింది. మేడమ్ ఏది ఆయన చేతి అలవాటనుకున్నారో అది ఒట్టి కాగితం."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకిప్పుడే తీరికైందటే కెమెరాలు పెట్టి చూడ్డానికి? ఇన్ని వందల ఏళ్లు ఆగిన బొమ్మలు, ఇంకో నాలుగేళ్లు ఆగలేవా? ఆవిడ పోయాక చూసుకోకూడదూ!" అని అరిచాను. గొంతు తగ్గించి అరవడం నర్సులకు అలవాటే. ఆ పిల్ల తలొంచుకుని ఏడ్చింది. ఏడవక ఏం చేస్తుంది? చెట్టు వయసు తను మార్చగలదా?

"చెప్పకపోతే?" అన్నాను.

"ల్యాబ్‌లో అందరికీ తెలుసు పిన్నీ. బయట ఎవడో నవ్వుతూ చెప్తే వినడం కంటే నా నోట వింటే నయం కదా అని వచ్చాను."

టీ పెట్టాను. ఇద్దరం తాగుతుంటే అక్క లేచి వచ్చి, "ఏమిటే గుసగుసలు? నాకు తెలియకుండా నా సన్మానం ఏర్పాట్లా?" అంది. ఆ పిల్ల నిలబడి, మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. అక్క మధ్యలో ఆపలేదు. ఏ పలక, ఏ చెవి, చుక్కకూ చుక్కకూ ఎంత ఎడం అని మాత్రం అడిగింది. ఆ తర్వాత "ఫొటోలు బల్ల మీద పెట్టి వెళ్లు తల్లీ" అంది.

అక్క పోట్లాడుతుందనుకున్నాను. ఆవిడ మామూలు మనిషి కాదు. ఎవరైనా ఒక చెవి మేస్త్రిది కాదంటే వాళ్లను ఉతికి ఆరేసేదాకా ఊరుకునేది కాదు. ఆ రోజూ, మర్నాడూ నేను అదే కోరుకున్నాను. లే అక్కా, వాళ్ల కెమెరా తప్పని చెప్పు, చెట్టు తప్పని చెప్పు, ఏదో ఒకటి చెప్పు అని పోరాను. ఆవిడ భూతద్దం దించలేదు. ఫొటోలను బొమ్మల అసలు సైజుకు తీయించుకుని, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో ఒక్కో గీతా దించుతూ కూర్చుంది. నేను ప్లేట్లో పెట్టింది పెట్టినట్టే చల్లారిపోయేది. మాత్రలు నోట్లో వేస్తే మింగేది, అంతే.

ఒక మధ్యాహ్నం "ఇలా రావే. ఈ కాగితం కొస పట్టుకో" అని పిలిచింది.

ఆ కాగితం మీద బుజ్జిబాబు బొమ్మలోని తల్లి చేతులు ఉన్నాయి. పిల్లవాడు లేడు, తల్లి లేదు, ఒట్టి చేతులు. అక్క ఆ కాగితాన్ని తిరగేసి ఇంకో బొమ్మ మీద పరిచింది. అది గడ్డం సాధువు బొమ్మ. చర్చి కట్టించిన సాధువులను ఆ చర్చి నమూనాను చేతుల్లో మోస్తున్నట్టు వేస్తారు. ఈయన కూడా రాతి గోడలు, గంటగోపురం ఉన్న చిన్న చర్చిని రెండు చేతుల్లో మోస్తున్నాడు. కాగితం మీది వేళ్లు ఆయన వేళ్ల మీద పడ్డాయి. బొటనవేలు బొటనవేలి మీద, మణికట్టు మణికట్టు మీద. ఎక్కడా వెంట్రుకవాసి పక్కకు జరగలేదు.

"చూశావా? ఇది ల్యాబ్ వాళ్లకు కూడా తట్టలేదు" అంది.

"కొంచెం తేడా ఉందేమో, మళ్లీ చూడు."

"లేదు."

"పాత కళ్లజోడు పెట్టుకుని చూడు అక్కా."

"లేదే. ముందు సాధువుకు వేశారు, ఆయన పలక పాతది. ఎన్నో ఏళ్ల తర్వాత అదే కాగితం తిరగేసి తల్లికి వాడారు. అందుకే ఆ బరువు. అవి రాళ్లు మోసే చేతులు."

నాకేదో ఒకటి అనాలనిపించింది. నోటికొచ్చింది అనేశాను. "పోనీలే అక్కా. అయితే ఆ బిడ్డ చచ్చిపోలేదన్నమాట."

అక్క కళ్లజోడు తీసి నా వైపు చూసింది. "బిడ్డే లేడే. ఆయనే లేడు" అంది.

అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉన్నాను. ఆసుపత్రిలో ఎంతమంది పోవడం చూశానో. పోయినవాళ్ల వెనక ఒక మంచం మిగులుతుంది, నలిగిన దుప్పటి మిగులుతుంది, అయినవాళ్లు దాన్ని పట్టుకుని ఏడుస్తారు. వాళ్లతో ఏం మాట్లాడాలో నాకు వచ్చు. అసలు పుట్టనివాడు పోయాడని ఏడ్చే మనిషితో ఏం మాట్లాడాలి?

మర్నాటికి మొహం కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని, "మ్యూజియానికి పోదాం పద" అంది. దేనికంటే, ఎగ్జిబిషన్ హాల్లో గోడ మీద రాతలు మార్పించడానికట. తప్పు తనది కాబట్టి దిద్దేది కూడా తనేనట. టాక్సీ దిగేసరికే మా ఎదురుగా పెద్ద పోస్టరు వేలాడుతోంది. బుజ్జిబాబు బొమ్మ, కింద "చిన్నచెవుల మేస్త్రి: బిడ్డను పోగొట్టుకున్న చిత్రకారుడు" అని. వచ్చేపోయే బస్సుల మీద కూడా అదే.

డైరెక్టరు చాలా మర్యాదస్థుడు. కుర్చీ తనే జరిపాడు, నీళ్లు తెప్పించాడు. అక్క చెప్పిందంతా విని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఎంత నిజాయితీ మేడమ్ మీది!" అన్నాడు.

"నిజాయితీ సంగతి తర్వాత. పేరు తీసేయండి. ఒక కార్ఖానా, పలువురు పనివాళ్లు అని రాయండి. ఆ బిడ్డ కథ పూర్తిగా ఎత్తేయండి."

"అదంతా ఎగ్జిబిషన్ పుస్తకం చివర్లో వివరంగా వేస్తున్నాం కదండీ. మీ శిష్యురాలే రాస్తోంది."

"చివర్లో ఎవరు చూస్తారు? గోడ మీద రాయండి."

"మేడమ్, కార్ఖానాను చూడ్డానికి ఎవరొస్తారు చెప్పండి? జనానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికో కష్టం కావాలి. అది మీరే ఇచ్చారు."

"నేను ఇచ్చిందే, నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇప్పుడాయన మీ ఒక్కరి మనిషి కాదు కదండీ" అన్నాడు, చంటిపిల్లకు నచ్చజెప్తున్నట్టు.

ఇంక నేను పట్టలేకపోయాను. "ఏమండీ, మీ చెవులు కూడా బొత్తాలంతే ఉన్నట్టున్నాయి, ఇందాకటి నుంచి ఆవిడ చెప్పేది ఒక్క ముక్కా లోపలికి పోవట్లేదు" అన్నాను. ఆయన నవ్వాడు. అంత హాయిగా నవ్వేవాణ్ణి ఏం చేయగలం? తలుపు దాకా వచ్చి సాగనంపాడు. శిష్యురాలు వరండాలో నిలబడి ఉంది. తనూ పోరి పోరి ఊరుకుందట. అక్క ఆ పిల్ల బుగ్గ తట్టి, "నీ పని నువ్వు సరిగ్గా చేశావు" అంది. ఆ పిల్ల మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది.

ఎగ్జిబిషన్ మొదటిరోజు పిలుపు వస్తే జ్వరమని చెప్పమంది. ఆ తర్వాత ఎవరెవరో ఫోన్ చేసి అభినందనలు చెప్తుంటే రిసీవరు నాకిచ్చి లోపలికి పోయేది. నలుగురైదుగురికి నిజం చెప్పి చూసిందట. ఒకాయన "అంత వినయం పనికిరాదండీ" అన్నాడట.

కొన్నాళ్లు పోయాక తనే "పద, చూసొద్దాం" అంది. అందరితో పాటే వరసలో నిలబడి లోపలికి వెళ్లాం. హాలు చీకటిగా ఉంది. ఒక్కో పలక మీద ఒక్కో దీపం. ఆ వెలుగులో బంగారు రేకు వెచ్చగా మెరుస్తోంది. ఇంట్లో ఇన్నేళ్లుగా ఫొటోల్లో చూసినవన్నీ పక్కపక్కనే నిలబడి ఉంటే ఒక్కొక్కదాన్నీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను. అక్క ఒక్కో దాని ముందూ ఆగింది. గీతలు అవే, చెవులు అవే. ఎవరు వేసినా బొమ్మలు మాత్రం ఎంత బాగున్నాయో.

"వీటిలో ఎంతమంది చేతులున్నాయో ఇప్పుడు కనిపిస్తోందే. ఇదిగో, ఈ కుర్రాడికి గడ్డాలు వేయడం రాదు. ఇన్నేళ్లూ వీళ్లనెవర్నీ చూడలేదు నేను" అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకు మాత్రం ఉంది, ఎవరి మీదో తెలియదు.

ప్రవేశం దగ్గర చెవుల్లో పెట్టుకునే తీగలున్న చిన్న పెట్టెలు ఇచ్చారు. బొమ్మ ముందు నిలబడి మీట నొక్కితే దాని కథ చెప్తుంది. నేను నొక్కాను. అక్క గొంతే. చలికాలంలో వాళ్లు ఇంటికొచ్చి రికార్డు చేసుకుపోయారు. అప్పటి గొంతు ఎంత ధీమాగా ఉందో! "ఈ తండ్రి..." అని మొదలుపెట్టగానే తీసి సంచిలో పడేశాను.

బుజ్జిబాబు బొమ్మ ముందు జనం గుమిగూడి ఉన్నారు. అందరి చెవుల్లోనూ అక్కే. కొందరు ముక్కులు చీదుకుంటున్నారు. అక్క వాళ్లను చూస్తూ నిలబడి, హఠాత్తుగా నా చెయ్యి విడిపించుకుంది.

"ఒక్కరికైనా చెప్పి పోతాను. అందరికీ చెప్పనివ్వరు సరే, ఒక్కరికి చెప్తే ఎవడాపుతాడు?"

"వద్దక్కా" అన్నాను. విందా? నేరుగా వెళ్లి ఒకావిడ మోచెయ్యి తాకింది. ముప్పై ఐదు, నలభై ఉంటాయేమో. వానకోటు విప్పలేదు. చేతిలో కూరగాయల సంచి, దారిలో దేనికో వచ్చి ఇటు తిరిగినట్టుంది. చెవుల్లోవి తీసి అక్క వైపు తిరిగింది.

"అమ్మా, ఈ బొమ్మ గురించి మీకొకటి చెప్పాలి" అంది అక్క.

"చెప్పండి" అని, అక్క నోరు తెరిచేలోపే ఆవిడే అందుకుంది. "నేను రావడం ఇది నాలుగోసారండీ. మా బాబు పోయాడు. మా ఇంట్లో వాడి పేరు ఎత్తనివ్వరు. మర్చిపోతే మంచిదట. ఈ పెట్టెలో మాట్లాడే ఆవిడ ఎవరో గానీ, ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలి. చూడండి ఆ చేతులు. తెలిసినవాడే వేశాడు. నేను అలాగే పట్టుకున్నాను."

అక్క నా వైపు చూసింది. రోగుల తాలూకు వాళ్లకు నిజం చెప్పడం నాకు కొత్త కాదు, ఆ పని చేస్తూనే సర్వీసంతా గడిపాను. నేను చెప్పి ఉండవచ్చు. చెప్పకుండా ఆవిడ కూరగాయల సంచి అందుకున్నాను.

"ఆ తర్వాత ఆయనేమయ్యాడండీ?" అని ఆవిడ అక్కను అడిగింది. "మీకు తెలిసినట్టుంది కదా. కోలుకున్నాడా? ఇందులో అది చెప్పట్లేదు."

అక్క బొమ్మ వైపు చూసింది, మళ్లీ ఆవిడ వైపు చూసింది.

"కోలుకున్నాడమ్మా" అంది. "నెమ్మదిగా. చాలా ఏళ్లు బతికాడు. ఇంకా ఎన్నో బొమ్మలు వేశాడు."

"మళ్లీ పిల్లలు పుట్టారా?"

"పుట్టారు" అంది అక్క. "ఇద్దరు ఆడపిల్లలు."

ఆధారం లేకుండా మా అక్క ఒక్క మాట అనడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే వినడం. ఆవిడ కళ్లు తుడుచుకుని, అక్క రెండు చేతులూ పట్టుకుని, వాళ్ల పేర్లేమిటని అడిగింది.